తగాదాల మనిషిని ఉంచుకోవాలా?

"తాతా, ఇలాంటోణ్ణి ఉంచాలా, పంపెయ్యాలా?"

అడిగింది ఇంటర్ చదువుతున్న మనవడు. అడిగించుకున్నది ముప్ఫై ఏళ్లు మెళ్లో ఈల వేసుకుని తిరిగి, రిటైరై, సాలూరులో ఇంటి అరుగు మీద స్థిరపడిన డ్రిల్లు మేష్టారు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. డ్రిల్లు మేష్టారి ఇల్లంటే చాలు, ఆటోవాడు గుమ్మం ముందు దింపేస్తాడు.

కుర్రాడి చేతిలో ఫోను. ఫోనులో ఎనిమిది పలకల బోను. చుట్టూ వల, లోపల ఇద్దరు మనుషులు, మధ్యలో నల్ల చొక్కా రిఫరీ. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారట. మనవడు వివరించిన ప్రకారం అన్నీ కలిపిన ఆట. బాక్సింగు గుద్దులున్నాయి, కరాటే తన్నులున్నాయి, కుస్తీ పట్లున్నాయి, కింద పడ్డాక కీళ్లు మెలిపెట్టే జుజిట్సు కూడా ఉంది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్ నగరంలో యూఎఫ్‌సీ అనే సంస్థ మొదటి పోటీ పెట్టింది. అప్పట్లో నియమాలు అంతంతమాత్రం. తర్వాత బరువు తరగతులు, రౌండ్లు, డాక్టర్లు, డోపింగ్ పరీక్షలు అన్నీ వచ్చాయి. 2022లో వచ్చిన 'లైగర్' సినిమా పుణ్యమా అని ఆ ఆట పేరు మన దగ్గర పెద్దవాళ్ల చెవిన కూడా పడింది. సినిమా ఆడలేదు గానీ, ఆ బోను మాత్రం కుర్రాళ్ల ఫోన్లలో రోజూ ఆడుతూనే ఉంది.

మేష్టారు కళ్లజోడు సవరించుకుని కాసేపు చూశారు. గుద్దులు ఆయనకి నచ్చలేదు. ఒక్కటి మాత్రం నచ్చింది. పట్టులో ఇరుక్కున్నవాడు ఇక తనవల్ల కాదనుకుంటే అవతలివాడి ఒంటి మీదో, నేల మీదో చేత్తో టపటపా తడతాడు. అంతే, ఆట ఆగిపోవాలి. పట్టు వదిలెయ్యాలి. ఓడినవాడు మోకాలు విరగ్గొట్టుకోకుండా ఇంటికెళ్తాడు, నెలో రెండు నెలలో పోయాక మళ్లీ దిగుతాడు.

"ఇది బావుందిరా. మన తాలింఖానాల్లోనూ ఇంతే. వస్తాదు చాలన్నాక చెయ్యి పడకూడదు."

"వీడు వదల్లేదు తాతా. అదే గొడవ" అన్నాడు మనవడు.

ఆ వదలనివాడు బ్రెజిల్ దేశపు రూసిమార్ పల్హారెస్. పొట్టి మనిషి, బండరాయిలాంటి ఒళ్లు. మడమ పట్టుకుని కాలు మెలిపెట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ పట్టులో ఒక మోసం ఉంది. చెయ్యి మెలిపెడితే ముందు నొప్పి తెలుస్తుంది, దెబ్బ తర్వాత తగులుతుంది. మడమ మెలిపెడితే నొప్పి తెలిసేసరికే మోకాలి లోపల నరాల కట్టు తెగిపోయి ఉండొచ్చు. కాబట్టి అవతలివాడు తట్టిన క్షణానికీ, ఇతను వదిలే క్షణానికీ మధ్య ఉన్న రెండు సెకన్లే ఒక మనిషి బతుకుతెరువు. 2010లో ఇలాగే వదలకుండా పట్టుకున్నందుకు పల్హారెస్‌ని తొంభై రోజులు ఆటకి దూరం పెట్టారు. 2013 అక్టోబరులో మైక్ పియర్స్ అనే అమెరికన్‌ని 31 సెకన్లలో ఓడించాడు. అతను తట్టాడు, రిఫరీ వచ్చి లాగాడు, అయినా మెలిక ఆగలేదు. యూఎఫ్‌సీ మర్నాడే అతన్ని పంపించేసింది. ఇంకో కంపెనీ వాళ్లు మా దగ్గరికి రమ్మని పిలిచి, ఛాంపియన్‌ని కూడా చేశారు. 2015 ఆగస్టులో జేక్ షీల్డ్స్‌తో పోటీలో మళ్లీ అదే కథ. కళ్లలో వేళ్లు పెట్టాడు, తట్టాక కూడా చెయ్యి వదల్లేదు. వాళ్లూ బెల్టు ఊడదీశారు. నెవాడా రాష్ట్రపు క్రీడా సంఘం రెండేళ్లు వేటు వేసింది.

"గెలిచాడు కదా తాతా మూడుసార్లూ? గెలిచేవాణ్ణి పంపేస్తే ఆటేటి ఉంటాది?"

ఈ ప్రశ్నకి మేష్టారు వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఇంట్లో అప్పటికి మూడు రోజులుగా ఇదే ప్రశ్న వేరే రూపంలో నలుగుతోంది.

మేష్టారి కొడుకుకి రెండు లారీలున్నాయి. సాలూరులో ఇది వింత కాదు. వింత ఏమిటంటే లారీ లేని వీధి. ఊరంతా లారీ మీదే బతుకుతుంది. బాడీ కట్టే షెడ్లు, లేతు మిషన్లు, టైర్లకి అతుకులేసేవాళ్లు, పట్టీలు వంచే కమ్మరులు, వెనక తలుపు మీద పువ్వులేసే పెయింటర్లు... ఒక లారీ కదిలితే పది ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. ఊరు దాటి పాచిపెంట మీదుగా వెళ్తే కొండ మొదలవుతుంది. మలుపులు తిరిగి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్, అక్కణ్నుంచి రాయపూర్. పాతవాళ్లు నలభైమూడో నెంబరు రోడ్డనే ఇప్పటికీ అంటారు, ఇప్పుడది ఇరవయ్యారో నెంబరు. ఆ ఘాటీ ఎక్కి దిగడం వచ్చినవాడే డ్రైవరు. మిగతావాళ్లు స్టీరింగు పట్టుకుని కూర్చున్నవాళ్లు.

కొడుకు దగ్గరున్న డ్రైవరు ఘాటీకి పుట్టినట్టుంటాడు. రాత్రి మంచులో కూడా బ్రేకు మీద కాలు పెట్టకుండా గేర్ల మీదే బండి దింపుతాడు. కానీ నోరు పెద్దది. సరుకు పార్టీలతో మూడు నెలల్లో మూడు తగాదాలు. మూడో తగాదా తర్వాత ఆ పార్టీ ఫోను చేసి, ఆ డ్రైవరు బండి మీదుంటే మా లోడు ఇవ్వం అనేసింది.

"పంపేద్దాం నాన్నా. మంచి డ్రైవరే, కాదన్ను. కానీ రోజూ ఈ రచ్చ ఎవడు పడతాడు?" అన్నాడు కొడుకు.

"తగువు దేనికి?"

"ఎక్కువ లోడు వేశారని. ఘాటీలో దించలేనని అందరి ముందూ అరిచాడట."

"మరి ఎక్కువ వేశారా?"

కొడుకు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే జవాబు. మేష్టారు అక్కడితో ఆపి ఉంటే ఇది చక్కటి నీతికథ అయ్యేది. కానీ కోడలు వంటింట్లోంచి ఇంకో మాట అంది. అదే డ్రైవరు పోయిన నెల క్లీనరు కుర్రాణ్ణి చెంప మీద కొట్టాడు. రాయి పెట్టడం ఒక నిమిషం ఆలస్యమైందని. ఆ కుర్రాడు ఎవరికీ చెప్పలేదు. వాళ్లమ్మ వచ్చి కోడలితో చెప్పుకుని ఏడ్చింది. మూడు రోజులుగా ఇంట్లో నడిచిన లెక్కల్లో ఆ చెంపదెబ్బ ఎక్కడా లేదు.

నిజం చెప్పాలంటే ఉంచాలా, పంపాలా అన్న పంచాయితీ ఎక్కడ జరిగినా ఇలాగే జరుగుతుంది. ఎవరు గట్టిగా అరిచారో వాళ్ల ఫిర్యాదే బల్ల మీదికొస్తుంది. లోడు పోగొట్టుకున్న పార్టీకి ఫోనుంది. క్లీనరుకి అమ్మ ఉంది, ఆవిడకి వంటింటి గుమ్మం ఉంది. యజమాని నిర్ణయం చేసేటప్పుడు ముందుగా వినిపించేది ఎవరి గొంతో చెప్పక్కర్లేదు.

ఆటల్లో యజమానులు ఇంకా తెలివైనవాళ్లు. మనవడే ఇంకో పేరు చెప్పాడు, జాన్ జోన్స్. అంతటి ఫైటర్ ఇంకొకడు పుట్టలేదని వాళ్ల క్లాసులో వాదన. ఆట సంగతి అలా ఉంచితే, 2015 ఏప్రిల్లో అల్బుకర్కీ నగరంలో ఈయన కారు గుద్దిన ఇంకో కారులో ఒక గర్భిణి ఉంది. ఆవిడ చెయ్యి విరిగింది. ఈయన ఆగకుండా వెళ్లిపోయాడు. యూఎఫ్‌సీ బెల్టు తీసేసుకుని పక్కన పెట్టింది, అక్టోబరులో మళ్లీ తీసుకుంది. 2016లో డోపింగ్. 2017లో మళ్లీ డోపింగ్, గెలిచిన పోటీ రద్దు, బెల్టు మళ్లీ పోయింది. 2018 డిసెంబరులో లాస్‌వేగాస్‌లో పోటీకి వారం కూడా లేదనగా అతని పరీక్షల్లో ఏదో అవశేషం కనబడింది. నెవాడా వాళ్లు అనుమతి ఇవ్వలేదు. కంపెనీ ఏం చేసిందంటే, అతన్ని మార్చలేదు, ఊరు మార్చింది. టిక్కెట్లు కొనుక్కున్న జనాన్ని వదిలి, మొత్తం పోటీనే లాస్‌ఏంజెలెస్‌కి తీసుకుపోయింది. 2023 మార్చిలో అతను హెవీవెయిట్ ఛాంపియన్ కూడా అయ్యాడు.

పల్హారెస్‌ని మర్నాడే పంపినవాళ్లే జోన్స్‌ని ఇన్నిసార్లు ఉంచుకున్నారు. తేడా నేరంలో ఉందనుకుంటే పొరపాటు. ఒకడి కోసం జనం డబ్బు కట్టి చూస్తారు, ఒకడి కోసం చూడరు. పంపడం చవకైన చోట నీతి చూపించారు, ఖరీదైన చోట ఓర్పు చూపించారు.

"జోన్స్ బోనులో తప్పు చెయ్యలేదు కదా తాతా? బయట చేశాడు" అన్నాడు మనవడు.

"కారు సంగతి బయటిదే అనుకో. మందు సంగతో? పరుగు పందెంలో మందు వేసుకున్నోడు పతకం దొంగిలిస్తాడు. మనిషి బుర్ర మీద గుద్దే ఆటలో వేసుకున్నోడు? ఆ గుద్దు ఎవడి నెత్తి మీద పడతాది?"

కుర్రాడు ఫోను పక్కన పెట్టాడు. అది మేష్టారికి ఆ వారంలో దక్కిన మొదటి విజయం.

వివాదం అనే మాట అన్నిటికీ ఒకటే వాడతాం గానీ, అందులో కనీసం రెండు జాతులున్నాయి. ఒకటి, ఇంకో మనిషికి దెబ్బ తగిలే వివాదం. రెండోది, చూసేవాళ్లకి నచ్చకపోయే వివాదం. లావయ్యాడు, మాట వినడు, పొగరు, పెళ్లయ్యాక తగ్గాడు, వయసైపోయింది, సిఫార్సుతో వచ్చాడు... ఇదంతా రెండో జాతి. మొదటిదానికి క్షమించే మనం, రెండోదానికి మాత్రం మనిషిని తీసేదాకా ఊరుకోం. ఈ మాటకి సాక్ష్యం కావాలంటే ఏ అమెరికాకో పోనక్కర్లేదు. ఉత్తరాంధ్రలోనే, ఆమదాలవలసలో ఉంది.

బలం మీద గౌరవం ఈ నేలకి కొత్త కాదు. సాలూరుతో పాటు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలోనే 1882లో కోడి రామ్మూర్తి నాయుడు పుట్టారు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, ఒంటికి చుట్టిన గొలుసులు ఊపిరితో తెంచి, సర్కస్ కంపెనీతో దేశాలు తిరిగి కలియుగ భీముడు అనిపించుకున్నారు. ఆయన కథలు వింటూ పెరిగిన జిల్లాల్లో ఆడపిల్ల ఇనుము ఎత్తుతానంటే మాత్రం మొహాలు వేరుగా పెట్టారు.

కరణం మల్లీశ్వరి 1975లో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టారు. తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబులు. ఆ ఊళ్లో నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ దగ్గర అక్కచెల్లెళ్లు బరువులెత్తడం నేర్చుకుంటుంటే, మల్లీశ్వరిని మాత్రం బక్కపిల్లవు, నీవల్ల కాదని ఆయన మొదట్లో పక్కనపెట్టారని అంటారు. తల్లి పట్టుబట్టి పంపింది. అంటే ఆవిడ విషయంలో ఉంచాలా, వద్దా అన్న ప్రశ్న పన్నెండేళ్లప్పుడే మొదలైంది. తర్వాత బెంగళూరు శిబిరంలో అక్కతో పాటు వెళ్లిన ఈ పిల్లని సోవియట్ ఒలింపిక్ విజేత లియోనిద్ తరనెంకో గుర్తుపట్టాడు. 1993లో మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ప్రపంచ విజేత. 1996లో మళ్లీ కాంస్యం. ఇవన్నీ 54 కిలోల తరగతిలో.

1997లో పెళ్లయింది. భర్త కూడా వెయిట్‌లిఫ్టరే, హర్యానా మనిషి. అక్కణ్నుంచి ఊహాగానాలు మొదలు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో వెండి పతకం తెచ్చినా నోళ్లు మూతపడలేదు. సిడ్నీ దగ్గరపడేసరికి 69 కిలోల తరగతికి మారారు. ఇక చూస్కోండి. లావైపోయింది, తిండి మీద అదుపు లేదు, ప్రపంచ పతకం తెచ్చి నాలుగేళ్లయింది, పనైపోయింది, ఎవరి పలుకుబడితోనో వెళ్తోంది... పత్రికల్లో ఇలాంటి రాతలు వచ్చాయి. తరగతి మారిందంటే ఒళ్లు పెరిగిందని కదా, ఒళ్లు పెరిగిందంటే క్రమశిక్షణ పోయిందని కదా! బరువు తరగతి మారడం ఈ ఆటలో మామూలు సంగతి. శరీరం ఎదుగుతుంది, పైగా 1998లో ప్రపంచ సమాఖ్యే తరగతులన్నీ తిరగరాసింది. ఇవేవీ మన టీకొట్ల దగ్గర చర్చకి రాలేదు.

అసలు సమస్య ఇంకోటుంది. సిడ్నీలోనే ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మన దేశం నుంచి వెళ్లింది ఇద్దరే అమ్మాయిలు. మల్లీశ్వరి, మణిపూర్‌కి చెందిన సనమచా చాను. ఆ జాబితాలో లేని పేరు కుంజరాణీ దేవి.

కుంజరాణి ఎవరంటే, ప్రపంచ పోటీల్లో ఏడుసార్లు వెండి పతకం తెచ్చిన మనిషి. ఆడవాళ్లు బరువులెత్తడమేమిటి అని నవ్విన రోజుల్లోంచి ఈ ఆటని భుజాన మోసుకొచ్చిన మనిషి. జీవితమంతా ఆ ఒక్క ఒలింపిక్స్ కోసం ఎదురుచూసి, తీరా ఆ తలుపు తెరుచుకున్న ఏడాదే ఇంట్లో ఉండిపోయింది. ఆవిడకి చోటు లేకపోవడం మీద మణిపూర్‌లోనే కాదు, ఆట తెలిసినవాళ్లందరిలోనూ పెద్ద దుమారం లేచింది. ఆ దుమారంలో న్యాయం ఉంది. మల్లీశ్వరి ఒంటి మీద వేసిన నిందల్లో లేదు. రెండూ ఒకే గాలిలో కలిసి వీచడంతో ఏది ఏదో జనానికి తెలియలేదు.

2000 సెప్టెంబరు 19. మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తారు. క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మొత్తం 240. అప్పటికే కాంస్యం ఖాయం. చివరి ప్రయత్నానికి బార్ మీద 137.5 కిలోలు వేయించారు. ఎత్తితే బంగారం. ఎత్తలేకపోయారు. చైనా అమ్మాయి లిన్ వీనింగ్‌కి, హంగేరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుష్‌కి చెరో 242.5. బంగారానికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు, అంటే ఓ మోస్తరు గుమ్మడికాయ బరువు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. సిడ్నీలో దేశం మొత్తానికి వచ్చిన పతకం కూడా ఆ ఒక్కటే.

మర్నాడు జరిగింది మేష్టారికి ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. పద్దెనిమిదో తారీకున పనైపోయిందన్న నోళ్లే ఇరవయ్యో తారీకున మిఠాయి తిన్నాయి. మా జిల్లా పిల్ల, మా పక్క ఊరి పిల్ల అని చుట్టరికాలు కలిశాయి. ఆ మధ్యాహ్నానికల్లా కొందరు పెద్దమనుషులు ఇంకో అడుగు ముందుకేసి, నూట ముప్ఫైరెండున్నర వేయించాల్సింది, నూట ముప్ఫైఏడున్నర ఎందుకు వేయించారు అని విశ్లేషణ కూడా మొదలుపెట్టారు. వీళ్లలో చాలామంది జన్మలో పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తినవాళ్లు కాదు.

"అయితే ఆవిణ్ణి ఉంచడమే రైటు. పతకం వచ్చింది కదా" అన్నాడు మనవడు.

"రాకపోతే?"

అక్కడే ఉంది కిటుకు. పతకం వచ్చింది కాబట్టి ఎంపిక సరైనదంటే, రాకపోతే తప్పయ్యేదా? చివరి ఎత్తులో ఏమవుతుందో ఎంపిక చేసే రోజున ఎవరికీ తెలియదు. ఆ రోజుకి తెలిసినవి రెండు. రెండుసార్లు ప్రపంచ విజేత. రెండేళ్ల కిందట ఆసియాలో వెండి. ఆవిణ్ణి పంపడానికి ఇవి చాలు. నడుము చుట్టుకొలత మీద వచ్చిన పుకార్లు దీనికి అడ్డు కాకూడదు. పతకం రాకపోయినా ఈ మాట మారదు.

అలాగే కుంజరాణిని ఆపడం సరైనదో కాదో కూడా మల్లీశ్వరి పతకం తేల్చదు. కొన్ని అంకెలు చెబుతాయి. సిడ్నీలో కుంజరాణి తరగతిలో, 48 కిలోల్లో, బంగారం దక్కిన అమెరికా అమ్మాయి తారా నాట్ ఎత్తింది 185 కిలోలు. నాలుగేళ్లు పోయాక, ముప్ఫై ఆరేళ్ల వయసులో, 2004 ఏథెన్స్‌లో కుంజరాణి ఎత్తింది 190. అక్కడ నాలుగో స్థానమే వచ్చింది, ఎందుకంటే ఈ లోపు ప్రపంచం ముందుకెళ్లిపోయింది. మధ్యలో 2001లో డోపింగ్ కేసులో ఆవిడ మీద ఆరు నెలల వేటు పడిన మాట కూడా దాచకూడదు. అయినా 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. 2000లో ఇంట్లో కూర్చోబెట్టిన మనిషి ఆమె.

ఒకరిని ఉంచడమంటే ఇంకొకరి కుర్చీ లాగడం. ఈ సంగతి లారీ ఆఫీసులోనూ, క్రీడా సంఘంలోనూ ఒకటే. కాకపోతే ఉంచినవాళ్ల ఫొటోనే గోడ మీద ఉంటుంది.

మల్లీశ్వరి కథ కూడా అక్కడితో తియ్యగా ముగియలేదు. 2004 ఏథెన్స్‌కి మళ్లీ ఆవిణ్ణి పంపారు. ఈసారి 63 కిలోల తరగతి. వెన్ను నొప్పి. పోటీ పూర్తి చేయలేక తప్పుకున్నారు, ఆట కూడా వదిలేశారు. రెండోసారి ఉంచడం పొరపాటంటారా? ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషికి ఇంకో అవకాశం ఇవ్వడం తప్పెలా అవుతుంది అనేవాళ్లున్నారు. గాయపడ్డ వెన్నుతో ఎవరినైనా బార్ కిందికి పంపడమే తప్పనేవాళ్లూ ఉన్నారు. మేష్టారు ఈ రెండో పక్షం. పేరుకి మొహమాటపడి మనిషిని ఉంచడం కూడా ఒక రకం నిర్దయే అని ఆయన అభిప్రాయం. దీనిమీద ఇంట్లో కొడుకు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మల్లీశ్వరి మొదటి వైస్ ఛాన్సలరయ్యారన్న వార్త పేపర్లో వచ్చిన రోజున తండ్రీకొడుకులిద్దరూ మాత్రం ఒకేలా సంతోషించారు.

ఇక ఇంటి పంచాయితీ. పార్టీ లోడు పోతే పోయింది, ఎక్కువ బరువుతో ఘాటీ దిగనన్నందుకు డ్రైవర్ని తీసే ప్రసక్తి లేదని మేష్టారు తేల్చేశారు. చెంపదెబ్బ సంగతి వేరు. డ్రైవర్ని అరుగు దగ్గరికి పిలిపించారు.

"పార్టీల మీద నీ ఇష్టమొచ్చినట్టు అరువు. నీ నోరు నీ ఇష్టం. కుర్రాడి మీద ఇంకోసారి చెయ్యి పడిందంటే మాత్రం, ఘాటీకి నీకంటే గొప్పోడు లేకపోయినా సరే, తాళాలు అక్కడ పెట్టి పోవాలి."

"పని తొందరలో ఏదో పడిపోయింది మేష్టారూ. నేనూ తన్నులు తినే నేర్చుకున్నాను" అన్నాడు డ్రైవరు.

"అదే ఆపమంటన్నాను."

క్లీనరు కుర్రాడు ఆ బండి ఎక్కనన్నాడు. రెండో లారీకి మారాడు. ఆ బండి కోరాపుట్ వైపు వెళ్లదు, విశాఖపట్నం లోడ్లే, బత్తా తక్కువ. కొట్టినవాడు ఘాటీ బండి మీదే ఉన్నాడు, దెబ్బ తిన్నవాడు తక్కువ డబ్బుకి మారాడు. న్యాయం జరిగిందని ఇంట్లో అందరూ అనుకున్నాక రెండు రోజులకి కోడలు ఈ లెక్క చెప్పింది. ఆ నెల నుంచి ఆ తేడా డబ్బు యజమానే ఇవ్వాలని కొడుకు ఒప్పుకున్నాడు, కాస్త మొహం ముడుచుకునే.

వదలనివాణ్ణి, మందు వేసుకున్నవాణ్ణి ఉంచుకుంటే నష్టం ఎవరికో మనవడికి అర్థమయ్యేలా చెప్పడానికి మేష్టారు చివరికి విజయనగరం జిల్లా కొండవెలగాడ పేరెత్తారు. నెల్లిమర్ల దగ్గర చిన్న ఊరు. అక్కడ పిల్లలు బొమ్మల వయసులోనే బార్ పట్టుకుంటారు. మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయి. 2014 జూలైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో 188 కిలోలు ఎత్తింది. నైజీరియా అమ్మాయి చికా అమలహా 196 ఎత్తి బంగారం అందుకుంది. పపువా న్యూగినీ అమ్మాయి డికా టూవా రెండో మెట్టు మీద, సంతోషి మూడో మెట్టు మీద నిలబడ్డారు. ఇంకో భారతీయురాలు స్వాతి సింగ్ నాలుగో స్థానంలో ఉండటంతో ఏ మెట్టూ దక్కలేదు.

తర్వాత పరీక్షల్లో అమలహా దొరికింది. ఆ అమ్మాయి వయసు పదహారు. మందు తనంతట తానే వేసుకుందో, ఎవరైనా ఇచ్చారో తేల్చుకోవాల్సింది ఆమె కోచ్‌లు. నిర్వాహకులు పతకం వెనక్కి తీసుకున్నారు. బంగారం డికా టూవాకి, వెండి సంతోషికి, కాంస్యం స్వాతికి వెళ్లాయి.

"స్వాతికి ఆ రోజు మెట్టు ఎక్కే అవకాశమే రాలేదా తాతా?" అన్నాడు మనవడు.

"లేదు. ఆ రోజు ముగ్గురికే మెట్లున్నాయి."